రాజీ కుదిరిందని ఇచ్చిన బాటిలు

నేను చుక్క ముట్టను. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇక్కణ్ణించి ఆఖరిదాకా రమ్ము వాసన వస్తూనే ఉంటుంది. మీరు నన్ను అనుమానించకూడదు. మిలట్రీలో పంతొమ్మిదేళ్ళు క్లర్కు పని చేసి, హవల్దారుగా బయటికొచ్చి, మా జిల్లాలోనే మాజీ సైనికుల సంక్షేమ ఆఫీసులో ఆర్గనైజరుగా చేరాను. మంచుకొండల మీద పళ్ళు టకటక కొట్టుకుంటున్నప్పుడు కూడా ఎంతమంది బతిమాలినా తాగనివాణ్ణి. ఈ సంగతి మా ఆవిడ పెళ్ళిళ్ళలో గర్వంగా చెప్పుకునేది. నేనూ చెప్పుకునేవాణ్ణి, ఒకానొక సోమవారం దాకా.

ఇలాంటి ఆఫీసుల్లో కొత్తగా కుర్చీ ఎక్కిన తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ ఇది రాస్తున్నాను. పింఛను ఫారం ఎలా నింపాలో మీకు ఎవరైనా నేర్పుతారు. ఇది మాత్రం నేర్పేవాడు దొరకడు, ఎందుకంటే నేర్పాలంటే ముందు తన తప్పు ఒప్పుకోవాలి. నాకు రిటైరయ్యాక ఆ తీరిక దొరికింది.

వంశధార దాటి శ్రీముఖలింగం వైపు వెళ్ళే దారిలో ఒక ఊరుంది. పేరు చెప్పను. ఇంటికో సిపాయి, కొన్ని ఇళ్ళకి ముగ్గురు. ఊడ్పులకి మనుషులు దొరక్కపోయినా పరేడుకి దొరుకుతారు. టీకొట్టు దగ్గర కూర్చుంటే సగం మాటలు హిందీలో వినబడతాయి. వాళ్ళ వాట్సాప్ గ్రూపులో తెల్లారి అయిదింటికే జైహింద్‌లు మొదలవుతాయి, ఒకడు పెడితే నలభై మందీ పెట్టాలి, పెట్టనివాడు పోయాడేమోనని ఇంటికెళ్ళి చూసొస్తారు.

రిటైరైన ప్రతి సిపాయికీ కేంటీన్ కార్డు ఉంటుంది. సబ్బులు, కుక్కర్లతో పాటు నెలకి కొన్ని మందు బాటిళ్ళు కూడా ఆ కార్డు మీద వస్తాయి. దాన్ని కోటా అంటాం. రూలు ప్రకారం అది కార్డున్నవాడి గొంతు కోసమే. నిజానికి అది ఊరంతటి మర్యాద. మోటారు బాగుచేసినవాడికి ఓ బాటిలు, వియ్యంకుడొస్తే ఓ బాటిలు, గేదె ఈనితే సాయం చేసినవాడికి ఓ బాటిలు. తాగేవాడి కోటా వారంలో అయిపోతుంది, ఊళ్ళో తిరిగేది తాగనివాడి కోటాయే. నాదీ అలాగే తిరిగేది. మా స్కూటరు మెకానిక్కు నన్ను దూరం నుంచి చూసే లేచి నిలబడేవాడు.

నాకో పిచ్చి అలవాటు కూడా ఉండేది. నా బాటిళ్ళ మూతల మీద నీలం మార్కరుతో ఒక టిక్కు పెట్టేవాణ్ణి. ఎందుకని అడక్కండి. అన్నేళ్ళు కాగితాల మీద టిక్కులు పెట్టిన చెయ్యి, ఎదురుగా ఏం కనబడినా ఊరుకోదు.

ఆఫీసులో మేం ముగ్గురం. పెద్దసారు రిటైరైన ఆఫీసరు, మంచి మనిషి, పక్క జిల్లా కూడా ఆయనే చూడాలి కాబట్టి వారంలో సగం రోజులు ఉండేవాడు కాదు. ఆ రోజుల్లో నేనే పెద్దసారుని. మూడో మనిషి మా క్లర్కమ్మ. భర్త సర్వీసులో ఉండగానే పోతే ఆమెకి ఈ ఉద్యోగం ఇచ్చారు. నాకంటే పన్నెండేళ్ళు చిన్నది, నాకంటే తెలివైనది. ఆ రెండో సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది.

ఒక వేసవిలో ఆ ఊరి నుంచి ఒకావిడ మా ఆఫీసుకి రావడం మొదలెట్టింది. నాయక్ ర్యాంకులో రిటైరైన ఒక సిపాయి భార్య. కూతురి స్కాలర్‌షిప్ ఫారం కోసమని ఒకసారి వచ్చింది. ఫారంలో సంతకం సరిగ్గా ఉందా అని ఇంకోసారి వచ్చింది. మూడోసారి ఎందుకొచ్చిందో చెప్పకుండా బెంచీ మీద కూర్చుని, కాసేపు ఫ్యాను కేసి చూసి వెళ్ళిపోయింది. నేను ఫారం చూశాను. మా క్లర్కమ్మ మనిషిని చూసింది.

“సార్, మే నెల ఎండలో మణికట్టు దాకా సేతులున్న జాకెట్టు ఎవలేసుకుంటారండి?” అంది ఆమె వెళ్ళాక.

“ఫ్యాషనేమో” అన్నాను నేను.

నాలుగోసారి వచ్చినప్పుడు క్లర్కమ్మ ఆమెని ఫైళ్ళ గదిలోకి తీసుకెళ్ళి, చల్లటి మజ్జిగ ఇచ్చి, తలుపు దగ్గరగా వేసింది. గంటసేపటికి బయటికొచ్చి నాకు విషయం చెప్పింది. నాయక్ తాగుతాడు. తాగితే కొడతాడు. మిలట్రీ నుంచి వచ్చిన నాలుగేళ్ళుగా ఇదే వరస. తాగని రోజు పొద్దున్న కూతుర్ని కూర్చోబెట్టుకుని జడ వేస్తాడట, రెండు జడలూ సమానంగా, రిబ్బను చివర్లు కూడా సమానంగా. ఆ జడలు చూసి ఊళ్ళో వాళ్ళు ఎంత మంచి తండ్రో అనుకుంటారట.

నాకు నాయక్ తెలుసు. తెలియనివాడెవడు? ఎవరి పంపు మోటారు మొరాయించినా సైకిలేసుకుని వెళ్ళి బాగుచేసేవాడు. సర్వీసులో ఉండగా, కాలు విరిగిన తోటివాణ్ణి మంచులో వీపు మీద వేసుకుని కొండ దింపాడు. ఆ ఫోటో ఇప్పటికీ గ్రూపులో తిరుగుతుంది. అలాంటివాడు ఇలాంటి పని చేస్తాడా అని నాకు ముందు అపనమ్మకం, తర్వాత ఒళ్ళుమంట, ఆ వెంటనే ఉత్సాహం. నాకు ఉత్సాహం వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరికి నష్టం జరుగుతుంది.

“వెధవని పిలిపించి దులిపేస్తాను” అన్నాను.

“ముందు ఆవిడికి ఏటి కావాలో అడగండి సార్” అంది క్లర్కమ్మ.

“అడిగేదేముంది? రాజీ చేసి పంపిస్తాను.”

“మీరు దులిపీసాక ఆయన ఎక్కడికెల్తాడు?”

“ఎక్కడికెళ్తాడు, ఇంటికే.”

“ఆ ఇంట్లో ఎవలుంటారు సార్?”

మరీ లాజిక్కులు తీస్తోందనుకున్నాను. పెద్దసారు ఊళ్ళో లేడు. ఆ వారం నేనే పెద్దసారుని.

సోమవారం పది గంటలకి ఇద్దర్నీ రమ్మన్నాను. నాయక్ ఇస్త్రీ చొక్కా, మెరిసే బూట్లతో వచ్చి నా బల్ల ముందు సావధాన్‌లో, మడమలు కలిపి నిటారుగా నిలబడ్డాడు. ఆమె గోడవారగా నిలబడింది. ఆమె ఫైళ్ళ గదిలో మజ్జిగ తాగుతూ చెప్పుకున్నవన్నీ నేను ఒక కాగితం మీద రాయించి ఉంచాను. ఇప్పుడు కళ్ళజోడు సవరించుకుని, చార్జిషీటు చదివినట్టు, ఒక్కొక్కటీ గట్టిగా చదివాను. ఏ రోజు, దేంతో, ఎక్కడ తగిలింది. చదువుతున్నంతసేపూ ఆమె నేల చూపులు చూస్తూనే ఉంది. సిగ్గుపడుతోంది కాబోలు అనుకున్నాను.

నాయక్ కళ్ళంట నీళ్ళు కారాయి. “గల్తీ హో గయా సాబ్, తప్పయిపోయింది” అన్నాడు. ఇంకెప్పుడూ చెయ్యెత్తనని కాగితం రాసి సంతకం పెట్టాడు. నేను కింద సాక్షి సంతకం పెట్టి, పక్కన టిక్కు కూడా పెట్టాను. ముగ్గురికీ టీలు, సమోసాలు తెప్పించాను. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఇరవై ఏళ్ళ కోర్టు గొడవ అరగంటలో తేల్చేసిన జడ్జిలా కుర్చీలో వెనక్కి వాలాను.

ఇంతవరకూ చేసింది తెలివితక్కువతనం. ఆ తర్వాత చేసింది సిపాయిలు మాత్రమే చేసేది. మాలో మాకు పోట్లాట తీరితే ఆ సాయంత్రం కలిసి ఒక గ్లాసు పట్టుకోవడం రివాజు. గ్లాసు పట్టుకున్నాక పాత మాట ఎత్తకూడదు. నేను తాగను, కానీ రివాజు రివాజే కదా. బీరువా తెరిచి, పేపర్లో చుట్టిపెట్టిన నా కోటా బాటిలు తీసి నాయక్ చేతిలో పెట్టాను.

“ఇదే ఆఖరిదిరా. మర్యాదగా ఒక పెగ్గు వేసుకుని, ఇంక అక్కడితో మానెయ్యి” అన్నాను.

తాగుడు మానేస్తానన్నవాడికి పండగ చేసుకోమని బాటిలు ఇచ్చిన మహానుభావుణ్ణి నేనే. క్లర్కమ్మ కీబోర్డు మీద వేళ్ళు ఆపి నా కేసి చూసింది. మెచ్చుకుంటోందనుకున్నాను.

గురువారం ఆమె ఒక్కతే వచ్చింది. కుడిచేతికి మోచేతి దాకా పిండికట్టు. ఎడంచేత్తో సంచిలోంచి ఖాళీ బాటిలు తీసి నా బల్ల మీద పెట్టింది. మూత మీద నీలం టిక్కు.

“ఇది మీదే కదా బాబూ?”

అవునని తలూపాను.

“సారు నా పక్సమే, లేకపోతే బాటిలెందుకిస్తాడు అని నవ్వినారు బాబూ ఆయన. నాను లోపల గదిలో సెప్పుకున్నవి మీరు ఆయన మొకం మీద సదివీసినారు. ఒక్కోటీ గుర్తు సేసుకొని మరీ కొట్టినారు.”

ఆమె గొంతులో ఏడుపు లేదు, నన్ను నిందిస్తున్నట్టూ లేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆ చెయ్యి నేనే విరిచానని నాకు అప్పుడూ అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది. లేచి నా కుర్చీ ఆమెకిచ్చాను. క్లర్కమ్మ వారం కిందట అడగమన్న మాట అప్పుడు అడిగాను.

“నీకేం కావాలమ్మా?”

ఆమె నన్ను కాసేపు చూసింది. నిజంగానే అడుగుతున్నాడా, లేక మళ్ళీ ఏమైనా చదువుతాడా అన్నట్టు చూసింది.

“ఆయన కోటా వారానికే అయిపోతాది బాబూ. మిగతా మూడు వారాలూ తాగేది మీలాంటోళ్ళ కోటా. మోటారు బాగుసేసినాడని ఒకలు, పాపం మంచోడని ఒకలు, మా వోడు కొండ మీదినించి మోసుకొచ్చినాడని ఒకలు. ఇచ్చినోళ్ళు అందరూ మంచోళ్ళే. ఎవలూ తాగి ఎవల్నీ కొట్టరు. ఇచ్చీసి ఎలిపోతారు. తరవాత ఇంట్లో ఉండేది నానూ, పిల్లలూ. ఆయనతో మాట్లాడ్డం అయిపోనాది నాకు. ఇప్పుడు మీ అందరితోటీ మాట్లాడాల.”

నేను ఆ బాటిలు తీసి బుట్టలో పడేయబోయాను. “ఉండనీండి, దాంతో పనున్నాది” అని సంచిలో పెట్టేసుకుంది.

ఆ తర్వాత పగ్గాలు మా క్లర్కమ్మ చేతిలోకి వెళ్ళిపోయాయి. ఆస్పత్రి కాగితాలు తెప్పించడం, పోలీసు స్టేషన్లో ఫిర్యాదు, మహిళల రక్షణ చూసే ఆఫీసరు దగ్గరికి వెళ్ళడం, శ్రీకూర్మం దగ్గర ఉండే నాయక్ భార్య అప్ప, అంటే అక్కగారి ఇంటికి పిల్లల్ని చేర్చడం, అన్నీ ఆమే. నేను చేసిన పని ఆటో పిలవడం. అది కూడా ఎక్కడికి వెళ్ళాలో రెండుసార్లు అడిగి పిలిచాను.

నాకు మిగిలింది ఆ ఊరి మగవాళ్ళని ఒకచోట కూర్చడం. దానికి ఒక్కడే మనిషి. ఊళ్ళో అందరికంటే పెద్ద, సుబేదారుగా రిటైరైన ముసలాయన. ఆయన దగ్గితే ఊరు లేచి నిలబడుతుంది. వరండాలో కూర్చుని టీవీలో వార్తలు వింటున్నవాడికి జరిగిందంతా చెప్పాను, నా బాటిలుతో సహా. ఆదివారం అందర్నీ పిలిపించమన్నాను.

“ఆడకూతురు ముందర వరసకట్టి ఫాలిన్ అవ్వాలా? మన ఇజ్జత్ ఏటయిపోద్దొరే?” అన్నాడు.

లోపల్నించి ఆయన భార్య గొంతు వినబడింది. “మీ ఇజ్జత్తు ఎప్పుడో బాటిళ్ళలో పోసి పంచీసినారు. మొన్న మోటారు సూసినాడని మీరు రెండిచ్చినారు కాదేటి? నాను సూళ్ళేదనుకున్నారా?”

సుబేదారు టీవీ కట్టేశాడు. కాసేపు మీసం తడుముకున్నాడు. తర్వాత ఫోను నా చేతికిచ్చి, “గ్రూపులో పెట్టొరే. నాకా అచ్చరాలు కనబడవు” అన్నాడు. ఆయన చెబుతుంటే నేను టైపు చేశాను. ఆదివారం పొద్దున్న ఏడు గంటలకి స్కూలు గ్రౌండులో ఫాలిన్, బూట్లు తప్పనిసరి. క్షణాల్లో వరసగా జైహింద్‌లు వచ్చాయి. ఒక్కడు మాత్రం “టిఫిన్ ఉంటాదా సాబ్” అని పెట్టాడు.

ఆదివారం నలభై మంది దాకా వచ్చారు. నాయక్ కూడా వచ్చాడు. ఎందుకు పిలిచారో తెలిసీ వచ్చాడు, పిలుపు వస్తే రాకుండా ఉండడం మావాళ్ళకి చేతకాదు. పొడుగువాళ్ళు కుడివైపు, పొట్టివాళ్ళు ఎడంవైపు, చెప్పకుండానే వరస కట్టారు. పొట్టలు మాత్రం వరసలోకి రాలేదు. మోకాలు మార్పించుకున్నాయన ఒకడు కుర్చీ అడిగితే సుబేదారు చూసిన చూపుకి నిటారుగా నిలబడ్డాడు. స్కూలు వరండాలో ఆడవాళ్ళు కూర్చున్నారు. నేను జెండా కర్ర పక్కన, ఫైలు పట్టుకుని, ఆఫీసు తరఫు మనిషిలా నిలబడ్డాను. బూట్లు తప్పనిసరి అని టైపు చేసినవాణ్ణి నేనే, కాలికి చెప్పులతో వచ్చాను.

ఆమె వరండా దిగి వచ్చింది. పక్కన మా క్లర్కమ్మ, ఒక లేడీ కానిస్టేబులు. పిండికట్టు చెయ్యి మెడకి వేలాడుతోంది, రెండో చేతిలో ఆ బాటిలు.

“మీరందరూ నాకు మావలూ బావలూ అన్నలూ. తిట్టడానికి రాలేదు. ఒక్కటడుగుతాను. ఈ ఏడాదిలో మా ఇంటాయనకి మీ కోటాలోంచి బాటిలు ఇచ్చినోళ్ళు ఒక్క అడుగు ముందుకి రండి.”

ఎవరూ కదల్లేదు. తుపాకులకి ఎదురు నడిచినవాళ్ళు, మంచులో రాత్రంతా కాపలా కాసినవాళ్ళు, కళ్ళు ఎదురుగోడ మీద పెట్టి బిగుసుకుపోయారు. గోడ మీద పాఠశాల నియమాలు రాసి ఉన్నాయి. అందరూ చాలా శ్రద్ధగా చదువుతున్నారు.

మా క్లర్కమ్మ నా వైపు తిరిగింది. చూసింది, అంతే. నేను ఆ వరసలో లేను, నేను ఆఫీసు మనిషిని, నన్నెవరూ అడగలేదు. ఫైలు జెండా దిమ్మ మీద పెట్టాను. వెళ్ళి వరసలో నిలబడి, ఒక్క అడుగు ముందుకేశాను. చెప్పులతో వేసిన అడుగుకి చప్పుడు కూడా రాలేదు.

వరస ముందు నిలబడి ఆర్డర్లిస్తున్న సుబేదారు నన్ను చూశాడు. ఆయన వెనక్కి నడిచి, వరసలో తన చోటు చూసుకుని నిలబడి, బూటు దబ్బుమనేలా ఒక్క అడుగు ముందుకేశాడు. ఆయన బూటు చప్పుడైందంటే ఇంకేముంది. దబ్ దబ్ దబ్‌మని వరసంతా కదిలింది. ఒక్కాయన మాత్రం మిగిలాడు. ఎవరికీ ఏదీ ఇచ్చే రకం కాదు, కోటా అంతా తాళం వేసి దాచుకుంటాడని ఊరంతటికీ తెలుసు. అటూ ఇటూ చూసుకుని, నాయక్ పక్కన తనొక్కడే ఉన్నానని గమనించి, ఇవ్వకపోయినా గబుక్కున ముందుకొచ్చేశాడు. వరండాలో ఆడవాళ్ళు ఫక్కున నవ్వారు.

అప్పుడు మా అందరి వీపుల వెనకాల, ఖాళీ అయిన వరసలో, నాయక్ ఒక్కడే నిలబడి ఉన్నాడు.

ఆమె మా మధ్యలోంచి నడిచి, అతనికి నాలుగడుగుల దూరంలో ఆగింది.

“సూడు, నీకు ఇంతమంది ఉన్నారు. నాకెవలున్నారు?” అంది.

అతను నిలబడ్డవాడు నిలబడ్డట్టే నేల మీద కూలబడ్డాడు. ఈసారి సాబ్ అనలేదు, గల్తీ అనలేదు. మొహం రెండు చేతుల్లో దాచుకున్నాడు. ఆమె అతన్ని లేవదీయలేదు. మా వైపు తిరిగింది.

“ఇల్లు నాది, పిల్లలది. నాను సెప్పినదాకా ఆయన గుమ్మం ఎక్కకూడదు. కేసు ఎనక్కి తియ్యను. ఆయన ఎక్కడ పడుకుంటాడో, వైద్యానికి ఎవలు తీసుకెల్తారో మీరే సూసుకోండి. మీ మనిషే కదా. ఇన్నాళ్ళూ బాటిళ్ళిచ్చినారు, ఇప్పుడు మంచం ఇయ్యండి.”

వరండాలోంచి సుబేదారు భార్య లేచింది.

“టిఫినుంటాదా అని అడిగినోడెవుడ్రా? ఉప్మా ఉన్నాది. వచ్చి ఆడోళ్ళకి వడ్డించు.”

ఆ రోజు మగవాళ్ళు వడ్డించారు, ఆడవాళ్ళు తిన్నారు. సుబేదారు చట్నీ బకెట్టు పట్టుకుని వరస మధ్యలో నడుస్తూ, ఎవరికి తక్కువైందో అడుగుతూ ఉంటే ఆయన భార్య కావాలని మూడుసార్లు వేయించుకుంది.

మావాళ్ళలో ఒక మంచి గుణముంది. దేనికైనా డ్యూటీ చార్టు వేసి చేతిలో పెడితే ప్రాణం పోయినా చేస్తారు. ఆ సాయంత్రానికల్లా చార్టు తయారైంది. నాయక్ మకాం సుబేదారు మేడ మీద గది. విశాఖలో తాగుడు మాన్పించే ఆస్పత్రిలో అతనున్నన్నాళ్ళూ ఇద్దరేసి చొప్పున వంతులు. “చార్జి ఇచ్చాను”, “చార్జి తీసుకున్నాను” అని గ్రూపులో మెసేజీలు. మోకాలాయన తన వంతుకి ఊతకర్రతో వెళ్ళి, తనే అక్కడ కాళ్ళ డాక్టరుకి చూపించుకొచ్చాడు. కోటా మర్యాదలు కూడా మారాయి. అందరూ మానేశారని చెబితే అబద్ధం. కానీ బాటిళ్ళ బదులు కేంటీన్ బిస్కట్ డబ్బాలు తిరగడం మొదలైంది. నేను డబ్బా తీసుకెళ్తే మా మెకానిక్కు మొహం మాడిపోయింది. ఇప్పటికీ నా స్కూటరు బ్రేకులు అంతంతమాత్రమే.

అంతా సాఫీగా జరిగిపోలేదు. అయిదో నెలలో నాయక్ భావనపాడులో ఒక పెళ్ళికెళ్ళి, తన సంగతి తెలియనివాళ్ళ మధ్య కూర్చుని తాగేశాడు. తాగి ఇంటికి వెళ్ళలేదు, సుబేదారు మేడకే వచ్చి తనే చెప్పాడు. సుబేదారు మెచ్చుకోమన్నట్టు ఆమెకి ఈ కబురు మోసుకెళ్తే, “అయితే మల్లీ ఒకటో రోజు నించి” అంది ఆమె. కేసు తీయనన్నది, తీయలేదు. ప్రతి వాయిదాకీ అతను వెళ్ళి నిలబడ్డాడు. ఆమె ఎడంచేత్తో కత్తెర పట్టడం నేర్చుకుని, తర్వాత కుడిచేత్తో కూడా పట్టుకోగలిగి, స్కూలు పిల్లల యూనిఫారాలు కుట్టడం మొదలెట్టింది. ఏడాదిన్నర దాటాక అతన్ని గుమ్మం ఎక్కనిచ్చింది. కూతురు మాత్రం ఇంకో ఏడాది దాకా జడ వేయనివ్వలేదు. తనే వేసుకునేది, ఒకటి లావుగా, ఒకటి సన్నంగా.

మీరు నన్నడగొచ్చు, ఇందులో మీరు చేసిందేముందని. ఒక్క అడుగు. దానికి ముందు చేసినదంతా చెయ్యకుండా ఉంటే ఆ చెయ్యి విరిగేది కాదు. మీ బల్ల ముందుకి ఇలాంటి మనిషి వచ్చినప్పుడు, ఆమె భర్త మంచోడని మీకు తెలుసన్న సంగతి పక్కన పెట్టండి. మనకి తెలిసిన మంచితనమంతా గుమ్మానికి ఇవతలిది. ఆమె చెప్పింది ఆమె ఒప్పుకోకుండా ఎవరి ముందూ చదవకండి. ఏం కావాలో అడగండి. అడిగాక నోరు మూసుకుని వినండి. ఇది నాకు మా క్లర్కమ్మ ముందే చెప్పింది, ఊరికే, టీ కూడా అడక్కుండా.

రిటైరయ్యాక మొన్నామధ్య మా ఆవిడతో శ్రీముఖలింగం దర్శనానికి వెళ్తూ ఆ ఊళ్ళో ఆగాం. గేటు నాయక్ తీశాడు. మనిషి సన్నబడ్డాడు, చూపు నిలకడగా ఉంది. కుర్చీలు తెచ్చి వేసి, మోటారు ఏదో చూడాలని సైకిలెక్కి వెళ్ళిపోయాడు. ఆమె కుట్టుమిషను మీంచి లేచి, ఫ్రిజ్ తెరిచి, చల్లటి నీళ్ళ బాటిలు తెచ్చింది. కుడి మణికట్టు ఇంకా పూర్తిగా తిరగదు. మూత ఎడంచేత్తోనే తీసింది. దాని మీద నీలం టిక్కు వెలిసిపోయి కనబడీ కనబడనట్టుంది.

“తాగండి బాబూ, మీ బాటిలే” అంది. నవ్వుతూనే అంది.

“మీ బాటిలేటండీ?” అని మా ఆవిడ నా వైపు తిరిగింది. అన్నేళ్ళుగా ఆవిడకి చెప్పని సంగతి అదొక్కటే. ఇంటికెళ్ళాక చెబుతానన్నాను, ఆ రాత్రే చెప్పాను, ఆ తర్వాత పెళ్ళిళ్ళలో మా ఆవిడ నా గురించి గొప్పలు చెప్పడం తగ్గించింది.

అప్పటికి మాత్రం నాయక్ భార్య ఎదురుగా నిలబడి చూస్తోంది. గ్లాసులో వంచుకోలేదు. బాటిలు ఎత్తి, మధ్యలో ఆపకుండా, అడుగంటా తాగేసి, మూత పెట్టి ఆమె చేతికిచ్చాను. ఇన్నేళ్ళ నా కోటాలో నేను స్వయంగా ఖాళీ చేసిన బాటిలు అదొక్కటే.